బాంక్వోని పక్కన పెట్టి స్టూవర్ట్‌ల పూర్వీకుల్ని పట్టుకోవడం ఎలా

ఇరవై ఆరేళ్ళు ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పాను. అందులో చాలా ఏళ్ళు సెకండియర్ పిల్లలకి షేక్‌స్పియర్ 'మాక్‌బెత్' నేనే చెప్పేదాన్ని. బాంక్వో అందులో మాక్‌బెత్ చంపించిన సేనాని. నాలుగో అంకంలో మంత్రగత్తెలు ఎనిమిది మంది రాజుల్ని వరసగా నడిపించి చూపిస్తారు. ఆ ఘట్టం వచ్చినప్పుడల్లా "వీళ్ళంతా బాంక్వో సంతతి, స్కాట్లాండ్‌ని ఏలిన స్టూవర్ట్ రాజులు. నాటకం రాసేనాటికి గద్దె మీదున్న జేమ్స్ కూడా ఆ వంశం వాడే" అని చెప్పేదాన్ని. నోట్సులో అలాగే ఉండేది. పరీక్షలో అలాగే రాస్తే మార్కులు పడేవి. ఒక ఏడాది వెనక బెంచీలో అమ్మాయి లేచి "బాంక్వో నిజంగా ఉన్నాడా మేడమ్?" అని అడిగింది. ఉన్నాడనే చెప్పాను.

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి స్కాట్లాండ్ వచ్చాను. వాళ్ళుండేది గ్లాస్గో పక్కన పెయిస్లీలో. సాయంత్రం నడకకి వెళితే దారిలోనే పెయిస్లీ అబ్బే. అది స్టూవర్ట్‌ల మూలపురుషుడు కట్టించిన మఠమని మొదటిసారి అక్కడి బోర్డు మీద చదివాను. కట్టించినవాడి పేరు వాల్టర్ ఫిట్జ్‌అలాన్ అని ఉంది. బాంక్వో ఊసే లేదు. ఆ అమ్మాయి ప్రశ్న నాకు మళ్ళీ గుర్తొచ్చింది. ఈసారి జవాబు సరిగ్గా వెతకాలనుకున్నాను. మూడు వేసవులు పట్టింది. ఇంగ్లీషు చెప్పే లెక్చరర్లకీ, స్కాట్లాండ్‌లో ఉంటూ ఈ కోటల వెనక మనుషులెవరో తెలుసుకోవాలనుకునే మనవాళ్ళకీ పనికొస్తుందని ఆ పద్ధతి రాస్తున్నాను. స్టూవర్ట్‌ల మీద చూపిస్తున్నాను కానీ బ్రూస్‌లకైనా, డగ్లస్‌లకైనా దారి ఇదే.

కింది నుంచి పైకి

వంశవృక్షాన్ని ఎప్పుడూ కింది నుంచి పైకి ఎక్కాలి. బాంక్వో దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతూ వస్తే కథ ఎటు లాగితే అటు పోతాం. అందరూ ఒప్పుకునే మనిషి ఒకరిని ముందు పట్టుకోండి. స్టూవర్ట్‌లలో అలాంటి మనిషి రెండో రాబర్ట్. 1316లో పుట్టాడు, 1371లో రాజయ్యాడు, ఆ ఇంటి నుంచి గద్దెనెక్కిన మొదటివాడు. తల్లి మార్జొరీ, స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ కూతురు. తండ్రి వాల్టర్, స్కాట్లాండ్‌కి ఆరో స్టూవర్డ్. స్టూవర్డ్ అంటే రాజుగారి ఇంటి వ్యవహారాలన్నీ చూసే పెద్ద ఉద్యోగి. మన దగ్గర కరణీకం చేసిన ఇంటికి కరణం అనేదే ఇంటిపేరైపోయినట్టు, ఆ ఉద్యోగం పేరే వీళ్ళకి ఇంటిపేరయింది. అక్కడి ఉచ్చారణలో చివరి 'డ్' కాస్తా 'ట్' అయి స్టూవర్ట్ అయింది.

ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకుని పేజీని మూడు గడులు చేయండి. మొదటి గడిలో ఫలానావాడు ఫలానావాడి కొడుకు అనే ఒక్క లంకె. రెండో గడిలో ఆ మాట చెప్పే కాగితం. మూడో గడిలో ఆ కాగితం రాసిన సంవత్సరం. నా అనుభవంలో మూడో గడే అన్నిటికంటే ముఖ్యం. తండ్రీకొడుకులు బతికుండగా రాసిన కాగితం ఒక్కటి దొరికితే ఆ లంకె గట్టిది. నాలుగొందల ఏళ్ళ తర్వాత రాసినది మాత్రమే ఉంటే దాన్ని పెన్సిల్‌తో రాయండి.

రెండో రాబర్ట్ నుంచి పైకి ఎక్కితే నా పేజీ ఇలా వచ్చింది. తండ్రి వాల్టర్ (1327లో పోయాడు), అతని తండ్రి జేమ్స్ (1309), అతని తండ్రి అలెగ్జాండర్ (1283), అతని తండ్రి వాల్టర్ (1246), అతని తండ్రి అలాన్ (1204), అతని తండ్రి వాల్టర్ (1177). ఆ మొదటి వాల్టరే పెయిస్లీ మఠం కట్టించిన మనిషి. స్కాట్లాండ్ కాగితాల్లో అతను కనిపించేది 1136 ప్రాంతం నుంచి. అక్కడి నుంచి 1371 దాకా ఏడు తరాలకి రెండొందల ముప్ఫై అయిదేళ్ళు, అంటే తరానికి ముప్ఫై పైచిలుకు. మీ లెక్కలో తరానికి పదిహేనేళ్ళో అరవయ్యేళ్ళో వస్తోందంటే మధ్యలో ఒక మనిషి ఎక్కువయ్యాడు లేదా తప్పిపోయాడు. వెనక్కి వెళ్ళి చూసుకోండి.

ఒకే ఇంట్లో ముగ్గురు వాల్టర్లు ఉండటం గమనించారు కదా. తాత పేరు మనవడికి పెట్టే అలవాటు వాళ్ళకీ ఉంది. వాల్టర్ అని కనిపించగానే ఏ వాల్టరో తేల్చకుండా ముందుకు పోవద్దు. భార్య పేరు ఇక్కడ బాగా పనికొస్తుంది. మొదటి వాల్టర్ భార్య ఎషీనా, ఆరో స్టూవర్డ్ వాల్టర్ భార్య మార్జొరీ బ్రూస్. భార్యని బట్టి భర్తని గుర్తుపట్టడం ఈ పనిలో మాటిమాటికీ అవసరపడుతుంది.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

స్కాట్లాండ్‌లో పూర్వీకుల గురించి అడిగితే అందరూ స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్ చూడమంటారు. మీ పక్కింటి స్కాటిష్ ఆవిడ ముత్తాత కోసమైతే అది సరైన చోటే. కానీ ప్రభుత్వం జనన మరణాలు నమోదు చేయడం మొదలైంది 1855లో. చర్చి రిజిస్టర్లలో అన్నిటికంటే పాతది ఎరల్ అనే ఊరిది, 1553 నాటిది. మనం వెతికే మనుషులు అంతకు రెండు నుంచి నాలుగొందల ఏళ్ళ ముందువాళ్ళు.

నేను వాడినవి ముఖ్యంగా మూడు. మొదటిది స్కాట్లాండ్ ప్రభువుల వంశావళి 'ది స్కాట్స్ పీరేజ్', 1904 నుంచి 1914 మధ్య వచ్చిన తొమ్మిది సంపుటాలు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. దాన్ని దారి చూపే మ్యాపుగా వాడండి కానీ సాక్ష్యంగా రెండో గడిలో రాయకండి. పేజీ అడుగున వాళ్ళు చూపించిన ఆధారం దగ్గరికి వెళ్ళండి. రెండోది 'పీపుల్ ఆఫ్ మెడీవల్ స్కాట్లాండ్' అనే డేటాబేస్. 1093 తర్వాతి స్కాట్లాండ్ పత్రాల్లో కనిపించే మనుషుల్ని ఒక్కొక్కరిగా విడదీసి పెట్టారు. ఒక పేరు నొక్కితే ఆ మనిషి ఏ దానపత్రంలో ఇచ్చేవాడు, ఏ దానపత్రంలో సాక్షి అనేది వరసగా వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. మూడోది మఠాల దానపత్రాల పుస్తకాలు. పెయిస్లీ మఠానిది 1832లో మెయిట్‌లాండ్ క్లబ్ అచ్చు వేసింది. అదీ ఇంటర్నెట్‌లో ఉంది, కాకపోతే మొత్తం లాటిన్.

లాటిన్ అనగానే నాకూ టెన్షన్ వచ్చింది. కానీ పది మాటలు నేర్చుకుంటే వంశానికి సంబంధించిన పని జరిగిపోతుంది. ఫిలియుస్ కొడుకు, ఫిలియా కూతురు, ఉక్సోర్ భార్య, ఫ్రాటెర్ అన్నదమ్ముడు, ఆవుస్ తాత, హెరెస్ వారసుడు. డాపిఫెర్ అన్నా సెనెస్కాల్లుస్ అన్నా స్టూవర్డే. 'హీస్ టెస్టిబుస్' అని వస్తే అక్కడి నుంచి సాక్షుల పేర్లు. జాగ్రత్త పడాల్సిన మాట ఒకటుంది, 'నెపోస్'. మన సంస్కృతంలోని నప్తకి అది చుట్టం, మనవడని అర్థం. కానీ మధ్యయుగపు లాటిన్‌లో మేనల్లుడినీ, అన్నదమ్ముల కొడుకునీ కూడా నెపోస్ అనే అంటారు. ఆ ఒక్క మాట చూసి మనవడని రాసేస్తే ఒక తరం అడ్డంగా జరిగిపోతుంది.

ఒక దానపత్రాన్ని దగ్గరగా చదివితే

మఠం పుట్టుకకి సంబంధించిన పత్రం ముందు పెట్టుకుందాం. అది 1163 ప్రాంతానిది, రాసింది ఇంగ్లండ్‌లోని ఫోదరింగేలో. ఇచ్చేవాడు తనని తాను 'వాల్టెరుస్ ఫిలియుస్ అలానీ' అని చెప్పుకుంటాడు, అలాన్ కొడుకు వాల్టర్ అని. తర్వాత 'డాపిఫెర్ రెగిస్ స్కోటియే', స్కాట్లాండ్ రాజుగారి స్టూవర్డ్. తండ్రి పేరు కొడుకు నోటితోనే వచ్చింది. అచ్చు పుస్తకంలో ఆ వరస మీద వేలు పెట్టి చదివినప్పుడు, ఇన్నేళ్ళు నేను క్లాసులో చెప్పిన కథ కంటే ఈ మూడు మాటలు ఎంత గట్టివో తెలిసింది.

ఇక మఠంలోకి సన్యాసుల్ని ఎక్కడి నుంచి పిలిపించాడో చూడండి. దగ్గర్లో స్కాట్లాండ్ మఠాలున్నా ఇంగ్లండ్‌లో వేల్స్ సరిహద్దుకి దగ్గరగా ఉన్న ష్రాప్‌షైర్‌లోని వెన్‌లాక్ నుంచి తెప్పించాడు. మఠాన్ని ఏ పేర్ల మీద అంకితం ఇచ్చాడో కూడా చూడండి. మేరీమాత, సెయింట్ జేమ్స్, పెయిస్లీ ఊరి సెయింట్ మిరిన్, వీళ్ళతోపాటు సెయింట్ మిల్‌బర్గా. ఈ మిల్‌బర్గా వెన్‌లాక్ వాళ్ళ పుణ్యవతి. మన పల్లెల్లో వలస వచ్చిన కుటుంబం పాత ఊరి దేవుడిని కొత్త ఊళ్ళో నిలుపుకుంటుంది. ఇలవేల్పు ఏ కొండ మీదుందో అడిగితే వాళ్ళ పూర్వపు ఊరు తెలిసిపోతుంది. అదే పద్ధతి ఇక్కడ పనిచేసింది. మిల్‌బర్గా పేరు పట్టుకుని ష్రాప్‌షైర్ వెళ్ళి అక్కడి కాగితాల్లో అలాన్ కోసం వెతకాలి.

వెతికితే దొరుకుతాడు. ఫ్లాల్డ్ కొడుకు అలాన్. ఇంగ్లండ్ రాజు మొదటి హెన్రీ అతనికి ష్రాప్‌షైర్‌లో భూములిచ్చాడు, ఆస్వెస్ట్రీ వాళ్ళదే. అలాన్ కొడుకుల్లో విలియం ఇంగ్లండ్‌లో ఉండిపోయాడు. తర్వాతి కాలపు ఆరుండెల్ ఎర్ల్‌లు అతని సంతతి. ఇంకో కొడుకు వాల్టర్ ఉత్తరానికి వెళ్ళి స్కాట్లాండ్ రాజు డేవిడ్ కొలువులో చేరాడు. 1161-62 నాటి ఒక చార్టర్‌లో మాల్కమ్ రాజు ఆ స్టూవర్డ్ పదవిని వంశపారంపర్యంగా వాల్టర్‌కి ఖాయం చేశాడు. పెయిస్లీ, రెన్‌ఫ్రూ, పోలోక్ భూములూ ఆ పత్రంలో ఉన్నాయి. మా అమ్మాయి కూరగాయలకి వెళ్ళే దారంతా ఒకప్పుడు ఆ ఒక్క పత్రంలోదే.

తేదీ లేని పత్రానికి తేదీ కట్టడం

పన్నెండో శతాబ్దపు స్కాట్లాండ్ పత్రాల్లో సంవత్సరం రాయడం అరుదు. 1195 నుంచి రాజపత్రాల్లో రోజూ నెలా కనిపిస్తాయి, ఏడాది మాత్రం ఉండదు. రాజు గద్దెనెక్కి ఎన్నో ఏడో రాయడం 1222లో మొదలైంది. అంతకు ముందున్నవాటికి సాక్షులే పంచాంగం. సాక్షుల్లో ఒక బిషప్ ఉంటే ఆయన ఆ పదవికి ఎప్పుడొచ్చాడు, ఎప్పుడు పోయాడు అని చూడండి. ఒక అబ్బాట్ (మఠాధిపతి), ఒక చాన్సలర్ ఉంటే వాళ్ళవీ చూడండి. అందరూ ఒకేసారి ఆ పదవుల్లో ఉన్న కాలమే పత్రం కాలం. రాజు మాల్కమ్ బతికున్నట్టు పత్రంలో తెలిస్తే అది 1165 డిసెంబరు దాటదు. చరిత్రకారులు ఇలా తేల్చిన తేదీని 1161×1164 అని గుణకారం గుర్తుతో రాస్తారు. ఈ మధ్యలో ఎప్పుడో అని అర్థం. నోట్‌బుక్ మూడో గడిలో మీరూ అలాగే రాయండి, ఊహించి ఒక్క ఏడాది వేసేయకండి.

సాక్షుల జాబితా ఇంకో పని కూడా చేస్తుంది. ఎవరితో ఎవరు తిరిగేవారో చెబుతుంది. ఒకే ఇద్దరు మనుషులు పది పత్రాల్లో పక్కపక్కన సాక్షులుగా కనిపిస్తుంటే వాళ్ళ మధ్య చుట్టరికమో, యజమాని సంబంధమో ఉండి ఉంటుంది. అది నిరూపణ కాదు, ఎక్కడ వెతకాలో చెప్పే జాడ. నేను అందరికంటే ఎక్కువసేపు కూర్చుంది ఈ పేర్ల దగ్గరే.

ఏడాది రాసి ఉన్నా ఒక తిరకాసుంది. స్కాట్లాండ్‌లో 1600 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మన ఉగాది రోజుల్లోనే. రెండో డేవిడ్ రాజు ఫిబ్రవరి 22న పోయాడు, అతని తర్వాతే మన రెండో రాబర్ట్ వచ్చాడు. ఆ నాటి లెక్కలో అది 1370, ఇవాళ్టి లెక్కలో 1371. జనవరి ఒకటి నుంచి మార్చి ఇరవై నాలుగు మధ్య తేదీ కనిపిస్తే ఏది ఏ లెక్కో చూసుకున్నాకే రాసుకోండి.

పెళ్ళిళ్ళ కాగితాలు

మన దగ్గర మేనరికం అంటే దగ్గరి సంబంధమని సంతోషిస్తాం. అక్కడ 1215 తర్వాతి చర్చి నియమం ప్రకారం నాలుగు తరాల లోపు బంధుత్వముంటే పోప్ అనుమతి లేకుండా పెళ్ళి చెల్లదు. పెద్ద ఇళ్ళన్నీ చుట్టాలే కాబట్టి అనుమతి కోసం అర్జీలు వెళ్ళేవి. ఆ అనుమతి పత్రాలు వంశం వెతికేవాళ్ళకి బంగారం. ఎవరు ఎవరికి ఏమవుతారో వాటిలో ఉంటుంది.

రెండో రాబర్ట్ సంగతే చూడండి. మొదటి భార్య ఎలిజబెత్ మ్యూర్‌తో చాలా ఏళ్ళు కాపురం చేసి పిల్లలు పుట్టాక, 1347లో పోప్ ఆరో క్లెమెంట్ అనుమతి వచ్చింది. ఆ కాగితం సంగతి తెలియక తర్వాతి రచయితలు ఆ పిల్లలు అక్రమ సంతానమని రాశారు. వాళ్ళలో పెద్దవాడే మూడో రాబర్ట్ రాజు. శతాబ్దాల తర్వాత రోమ్‌లో ఆ పత్రం బయటపడేదాకా ఒక తల్లి మీద ఆ మాట పడుతూనే ఉంది. మూడో రాబర్ట్ సమాధి పెయిస్లీ అబ్బేలోనే ఉంది. దాని మీద రాయి 1888లో విక్టోరియా రాణి వేయించింది. నేను వెళ్ళినప్పుడల్లా అక్కడ ఒక నిమిషం నిలబడతాను.

అక్కడే మార్జొరీ బ్రూస్‌దిగా చెప్పుకునే సమాధి ఉంది. ముక్కలుగా దొరికిన రాళ్ళని మళ్ళీ కూర్చి నిలబెట్టారు. రాతి స్త్రీ వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ మన నమస్కారంలాగే గుండె మీద జోడించి ఉంటుంది. నోట్‌బుక్‌లో దీన్ని కూడా పెన్సిల్‌తోనే రాశాను. మార్జొరీ పెళ్ళి 1315లో జరిగిందనేది పెన్‌తో రాసిన మాట. ఈ రాతి మూర్తి ఆమెదేననేది సంప్రదాయం. రెండూ ఒకే పేజీలో ఉండొచ్చు, ఒకే సిరాతో ఉండకూడదు.

ముద్రల గురించి ఒక్క మాట. పత్రం అడుగున వేలాడే మైనపు ముద్ర మీద స్టూవర్ట్‌లకి అడ్డపట్టీ, దాని నిండా చదరంగం గళ్ళు ఉంటాయి. ఏ కొమ్మవాళ్ళో గుర్తుపట్టడానికి అది సాయపడుతుంది. కానీ ముద్ర పోలింది కదా అని రక్తసంబంధం రాసేయకండి. ప్రభువు ముద్రని అనుసరించి తమ ముద్ర చేయించుకున్న ఆశ్రితులూ ఉండేవారు. డీఎన్ఏ పరీక్ష సంగతి కూడా అంతే. ఇద్దరు మగవాళ్ళకి ఒకే మూలపురుషుడు ఉన్నాడని చెబుతుంది, ఆయన పేరు చెప్పదు.

కథని ఏం చేయాలి

ఇప్పుడు బాంక్వో. 1527లో ప్యారిస్‌లో అచ్చయిన హెక్టర్ బోయీస్ లాటిన్ చరిత్రలో అతను మొదటిసారి కనిపిస్తాడు. ఆ కథలో బాంక్వో కొడుకు ఫ్లియాన్స్ వేల్స్‌కి పారిపోతాడు. అక్కడి రాజకుమారికి అతని వల్ల పుట్టిన వాల్టర్ స్కాట్లాండ్ వచ్చి స్టూవర్డ్ అవుతాడు. అది హోలిన్‌షెడ్ చరిత్రలోకి వెళ్ళింది, అక్కడి నుంచి నాటకంలోకి వచ్చింది. నాటకంలోని ఎనిమిది మంది రాజుల్నీ లెక్కపెట్టి చూశాను. రాబర్ట్‌లు ఇద్దరు, జేమ్స్‌లు అయిదుగురు, మధ్యలో మేరీ రాణిని వదిలేస్తే నాటకం నాటి రాజు ఆరో జేమ్స్‌తో సరిగ్గా ఎనిమిది.

మూడో గడి చూడండి. మాక్‌బెత్ రాజ్యం చేసింది 1040 నుంచి 1057 దాకా. బాంక్వో గురించిన మొదటి కాగితం 1527ది. మధ్యలో దాదాపు అయిదు శతాబ్దాలు. ఆ రోజుల్లో రాసిన ఏ పత్రంలోనూ బాంక్వో లేడు. తరాల లెక్క కూడా నిలవదు. 1050 ప్రాంతంలో చనిపోయిన మనిషి మనవడు 1177 దాకా బతికి రాజు కొలువు చేయడం కుదరదు.

అలాగని కథని చింపి పారేయకండి. ఫ్లియాన్స్ అనే పేరునీ ఫ్లాల్డ్ అనే పేరునీ పక్కపక్కన పెట్టి చూడండి. కథలో వేల్స్, కాగితాల్లో వేల్స్ సరిహద్దు మీదున్న ఆస్వెస్ట్రీ. వాల్టర్ తాత ఫ్లాల్డ్ అనే మాట ఏదో రూపంలో మిగిలి ఉండి, దాని చుట్టూ కథ అల్లుకుందని నా నమ్మకం. మన శాసనాలు కృష్ణదేవరాయల వంశాన్ని చంద్రుడితో మొదలుపెట్టి తుర్వసుడి మీదుగా తీసుకొస్తాయి. రాజైన ఇంటికి ప్రాచీనమైన మూలం కావాలి. ఆ అవసరాన్ని అర్థం చేసుకుంటే కథ ఎందుకు పుట్టిందో కూడా చరిత్రలో భాగమే అవుతుంది.

అసలు దారి 1807లో చరిత్రకారుడు జార్జ్ చామర్స్ చూపించాడు, ఆస్వెస్ట్రీ అలాన్ దాకా. ఫ్లాల్డ్ ఎవరన్నది 1901లో ఇంకో చరిత్రకారుడు హొరేస్ రౌండ్ తేల్చాడు. 1101-02 ప్రాంతంలో మన్మత్‌లో చర్చి ప్రతిష్ఠ జరిగినప్పుడు అక్కడున్నవాళ్ళలో ఫ్లాల్డ్ ఒకడు. ఆ చర్చి ఫ్రాన్స్‌లో సొమ్యూర్ దగ్గరి సెయింట్ ఫ్లోరెంట్ మఠానిది. కొడుకు అలాన్ నార్ఫోక్‌లోని స్పోర్ల్‌లో దానమిచ్చింది కూడా ఆ మఠానికే. ఫ్రాన్స్ పడమటి కొసన బ్రిటనీలోని డోల్‌లో ఆర్చిబిషప్‌కి స్టూవర్డ్‌లుగా పనిచేసిన ఇంటివాళ్ళు ఆ మఠం పత్రాల్లో కనిపిస్తారు, ఫ్లాల్డ్ ఆ ఇంటివాడు. అంటే స్కాట్లాండ్ రాకముందే వాళ్ళది స్టూవర్డ్ ఇల్లే.

ఇంకో చిన్న సంగతి, మనవాళ్ళకి ఆసక్తిగా ఉంటుంది. మేరీ రాణి 1565లో పెళ్ళి చేసుకున్న డార్న్‌లీ కూడా స్టూవర్టే. 1298లో ఫాల్‌కర్క్ యుద్ధంలో పోయిన బాంకిల్ సర్ జాన్ కొమ్మ అతనిది, ఆ జాన్ నాలుగో స్టూవర్డ్ అలెగ్జాండర్ కొడుకు. మన లెక్కలో సగోత్రం. అందువల్ల ఆరో జేమ్స్‌ని పైకి పట్టుకెళ్ళేటప్పుడు తల్లి వైపు ఒక పేజీ, తండ్రి వైపు ఒక పేజీ విడిగా పెట్టుకోండి. రెండూ అలెగ్జాండర్ దగ్గర కలుస్తాయి.

నా నోట్‌బుక్‌లో స్టూవర్ట్‌ల పేజీ అన్నిటికంటే పైన 'ఫ్లాల్డ్, డోల్, బ్రిటనీ' దగ్గర ఆగింది. దాని పైన రెండు వరసలు ఖాళీగా వదిలాను. బాంక్వోకి వేరే పేజీ ఇచ్చాను. లంకె గడిలో 'వాల్టర్ తండ్రికి తండ్రి అని చెప్పారు', కాగితం గడిలో బోయీస్ చరిత్ర, మూడో గడిలో 1527. వెనక బెంచీ అమ్మాయి ఇప్పుడు ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు. మొన్న ఆ రెండు పేజీలూ ఫోటో తీసి ఆమెకి వాట్సాప్‌లో పంపాను.